'ఏం కాదు' అనని మనిషి

కిందటి వారం బాపిరాజు సగం అన్నంలో చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ గొడవ చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డెబ్భై ఒకటి యుద్ధం చూసి, హవల్దారుగా మిలిటరీ నుంచి బయటికొచ్చి, భీమవరం వైపు సొంతూరు వదిలేసి, పెళ్ళాం కమలాకుమారితో లక్డారంలో మొగులయ్య ఇంట్లో కిరాయికి దిగిన మనిషి ఆయన. పటాన్‌చెరు రోడ్డు పక్కన కొత్తగా లేస్తున్న ఒక ఫ్యాక్టరీకి వాచ్‌మన్. అక్కడ పునాదులకి బండ అడ్డం వచ్చింది. ఇంజనీరు ఆయన్ని పిలిచి, "నువ్వు మిలిటరీలో మందుగుండు పని చేశావటగా, ఈ వాచ్‌మన్ డ్రెస్సు విప్పి పారెయ్, బ్లాస్టింగ్ పనికి ఇకనుంచి నువ్వే ఇన్‌చార్జివి" అన్నాడు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. మనవాడు "నా వల్ల కాదండి" అని గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

కమలాకుమారి ఊరుకుంటుందా? "నాతో రోడ్లు వేసే పటాలం అని చెప్పారు. మందుగుండు ఎక్కణ్ణించి ఊడిపడింది? వచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకోవడం ఏమిటి?" అని నిలదీసింది. దానికి జవాబే ఆ ఎంగిలి పళ్ళెం.

నిజానికి ఆవిడ కోపం ఉద్యోగం గురించి కాదు. ఆవిడ కడుపులో పాతకోపం ఒకటుంది. లోకంలో ఏ మొగుడైనా పెళ్ళానికి అబద్ధమో నిజమో "ఏం కాదులే" అంటాడు. అది కాపురంలో ఉప్పులాంటి మాట. బాపిరాజు నోట ఆ మాట ఇంతవరకూ రాలేదు. పోయిన వానాకాలం ఆవిడ టైఫాయిడ్‌తో సంగారెడ్డి ఆసుపత్రిలో పడుకుని, ఆయన చెయ్యి పట్టుకుని "నాకేం కాదు కదండీ" అని అడిగితే ఆయన కిటికీ వైపు చూశాడు. ఆమె బతికి ఇంటికొచ్చింది గానీ ఆ చూపుని క్షమించలేదు. రాతిగుండె మనిషికి తనని కట్టబెట్టిందని అమ్మని మనసులోనే తిట్టుకుంది.

ఇక ఈ వారం కథ.

మొగులయ్య ఇంటి వెనక చేలో బావి తవ్వుతున్నారు. పై మట్టి దాటాక అంతా బండే. దాన్ని పేల్చడానికి అంజన్న వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లో సగానికి తూటాలు పెట్టింది అతనే. బండలో బెజ్జాలు కొట్టి, తూటాలు దించి, వత్తులకి నిప్పంటించి పైకి పరిగెత్తుకొచ్చాడు. భూమి అదిరింది. వంటింట్లో కమలాకుమారి చేతిలో గరిటె ఉలిక్కిపడింది. పొగ తేరిపోయాక తొంగి చూసిన అంజన్న, "గంగ వడ్డది" అని కేకేశాడు.

మూడేళ్ళ కరువులో ఆ కేక విన్నవాళ్ళ కాళ్ళు ఒకచోట నిలుస్తాయా? ఒక్క తూటా చప్పుడు తక్కువ వినపడ్డట్టుందని ఎవరో అన్నారు. "రెండు జంటగ పేలినయ్ తీ" అన్నాడు అంజన్న. అందరికీ కావలసిన మాట అదే కాబట్టి అందరూ నమ్మారు.

మొగులయ్య ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త బావిలో గంగ కనపడగానే, ఆ నీళ్ళకి ఇనుము తగలక ముందే, ఇంటి కోడలు దిగి పసుపు కుంకుమ పెట్టాలి. గడ్డపార, పార, ఆఖరికి సీల ఉన్న తట్ట కూడా అప్పటిదాకా దిగకూడదు. మొగులయ్య తల్లి దేవమ్మ ఈ విషయంలో కొడుకు మాట కూడా వినదు. "నీ తాత బావిల ముందుగాల గడ్డపార దింపిండు, ఏమైంది? ఏడాదికే ఎండిపాయె" అంటుంది. అందుకని పొగవాసన పోకముందే మొగులయ్య భార్య కౌసల్య కొత్త చీర కట్టి, పళ్ళెం పట్టుకుని, చెక్కనిచ్చెన మీద నుంచి దిగింది. ఎండ తగలని ఆ అడుగున, పగిలిన బండ సందుల్లోంచి నీళ్ళు బుడబుడమంటూ ఊరుతున్నాయి. కౌసల్య పసుపు చల్లింది, కుంకుమ పెట్టింది. వంగి రెండు చేతులతో నీళ్ళు తీసి కళ్ళకద్దుకుంది. అప్పుడు పక్కన పగిలి నిలిచిన బండ జారి ఆమె కాలి మీద వాలింది.

కమలాకుమారి పరిగెత్తుకొచ్చేసరికి కౌసల్య కింద కూలబడి ఉంది. కాలు మడమ దాకా బండ కింద ఇరుక్కుంది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. "అక్కా, కాలు రాదే" అని ఆమె పైకి చూసి అంటుంటే కమల గట్టు మీద నుంచి చెయ్యి చాచింది. జొన్నరొట్టె చేతుల మీద చరచడం తనకు నేర్పిన పిల్ల అది. తను దానికి ఆవకాయ కలపడం నేర్పింది. ఒకరి భాష ఒకరికి సగమే అర్థమయ్యేది, అయినా ఇద్దరి మాటలకూ అంతు ఉండేది కాదు.

మొగులయ్య గడ్డపార, సమ్మెట అందుకున్నాడు. దేవమ్మ అడ్డం నిలబడింది. "ఇనుము దించకురా" అంది.

"నా పెండ్లాం మునుగుతాంది. నీ ఇనుము నువ్వు సూసుకో అవ్వా, పక్కకు జరుగు."

"పక్కకు పోతే పోత గని, గంగకు కోపమొస్తె ఆమెనే తీస్కపోతది."

తల్లీ కొడుకులు అలా తోసుకుంటుండగా డ్యూటీ దిగి వస్తున్న బాపిరాజు అరుపులు విని చేనుకు అడ్డంపడి వచ్చాడు. బావిలోకి తొంగి చూశాడు. ఆ చూపు చాలాసేపు ఒక్క చోటే ఆగింది. తర్వాత గొంతు పెంచకుండా అన్నాడు.

"మొగులయ్యా, ఆ గడ్డపార కింద పెట్టు. విసరొద్దు. నెమ్మదిగా పెట్టు."

కమలాకుమారి ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. మొగులయ్య గడ్డపార పెట్టేశాడు. ఎందుకు పెట్టాడో అతనికీ తెలియదు.

"అంజన్నా, ఇలా వచ్చి చూడు. ఆమె మోకాలి పక్కన, బండ సందులోంచి నల్లగా వేలాడుతోందే, అదేమిటి?"

అంజన్న చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "వత్తి" అన్నాడు. "కాలలే. పక్క తూటా పేలినప్పుడు తెగినట్టుంది."

"తూటా?"

"ఆ బండ కిందనే ఉంటది సారూ."

దేవమ్మ కింద కూర్చుండిపోయి, బొంతపల్లి వీరన్నకి మొక్కుల మీద మొక్కులు మొక్కసాగింది. మొగులయ్య తన గడ్డపార వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకొక్క క్షణం అయితే దానితో ఆ బండని పొడిచేవాడు.

"మీ అమ్మ చెప్పింది నిజం. ఇనుము వద్దు" అన్నాడు బాపిరాజు, చొక్కా విప్పుతూ. "వెదురుతట్ట విరిచి నాలుగు బద్దలు ఇవ్వండి. తడిగా ఉన్నా ఫర్వాలేదు. అందరూ ఆ చింతచెట్టు దాటి అవతలికి పోవాలి."

కమలాకుమారి ఆయన చెయ్యి పట్టుకుంది. అందరిముందూ మొగుడి చెయ్యి పట్టుకోవడం ఆవిడ ఇంటావంటా లేదు. "మీకెందుకండీ? అంజన్న ఉన్నాడు కదా, అతని పని అది. మీరు రోడ్లు వేసేవారు."

"అంజన్నకి పేల్చడం వచ్చు. పేలకుండా చూడడం వేరే పని."

"అది మీకు వచ్చా?"

బాపిరాజు ఆమె వేళ్ళు విడిపించుకున్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. భయపడుతున్నాడని ఆవిడకు తెలిసిపోయింది. భయం లేని మనిషి దిగుతుంటే ఆపవచ్చు గానీ, భయపడుతూ దిగేవాణ్ణి ఎవరు ఆపగలరు? ఆవిడ పక్కకి తప్పుకుంది.

చింతచెట్టు అవతలికి అందరూ వెళ్ళారు. మొగులయ్యని ఇద్దరు పట్టుకుని లాక్కెళ్ళారు. కమలాకుమారి వెళ్ళలేదు. గట్టు మీద బోర్లా పడుకుని తల మాత్రం లోపలికి పెట్టింది. వెళ్ళమని ఎవరూ ఆవిడకు చెప్పలేకపోయారు.

సైన్యంలో నేర్చుకున్నవి బయట ఎలా అక్కరకొస్తాయో ఉపన్యాసాలిచ్చేవాళ్ళని నేను విన్నాను. క్రమశిక్షణ అంటారు, టైముకి నిద్ర లేవడం అంటారు, బూట్లకి పాలిష్ అంటారు. బాపిరాజుకి సైన్యం నేర్పింది ఒక్కటే. భయాన్ని మోచేతి దగ్గర ఆపి, వేళ్ళ దాకా రానివ్వకపోవడం.

ఆయన నీళ్ళలో కౌసల్య పక్కన బోర్లా పడుకున్నాడు. బురదలో కన్ను పనిచెయ్యదు. వెదురుబద్దని ఏటవాలుగా పట్టుకుని, ఆమె పాదం పక్కన మెత్తగా గుచ్చి, తగిలినచోట ఆపి, వేళ్ళతో తడిమి, మళ్ళీ గుచ్చుతున్నాడు. ఎప్పుడూ పక్కనుంచే పోతున్నాడు, పైనుంచి పోవడం లేదు. బండని కదిలిస్తే కింద ఉన్నది నలుగుతుంది. కాబట్టి బండని ముట్టుకోకుండా, పాదం కింద ఉన్న రాతిపొడి కొంచెం కొంచెం తోడేసి, పాదమే కిందికి దిగి బయటికి జారేలా చెయ్యాలి. నీళ్ళు కౌసల్య పొట్ట దాటాయి. మూడేళ్ళు మొక్కిన గంగ అది. ఇప్పుడు కాసేపు ఆగమంటే ఆగుతుందా?

"అన్నా" అంది కౌసల్య. ఆమె పళ్ళు టకటకమంటున్నాయి. "ఏం కాదు గద?"

బాపిరాజు బద్దని ఇంకో వేలెడు ముందుకి గుచ్చాడు. బావి గోడలకి నీటిచప్పుడు తగిలి పైకి వస్తోంది.

"ఏం కాదని అను అన్నా. ఒక్కసారి అను. నాకు బుగులైతాంది."

"ఆ మాట నేను అనను చెల్లాయ్."

పైన కమలాకుమారి కళ్ళు మూసుకుంది. ఇక్కడ కూడానా అనుకుంది. చావుబతుకుల్లో ఉన్న పిల్లకి కూడా ఒక్క మాట ఇవ్వడా ఈ మనిషి అనుకుంది. మండిపోయింది ఆవిడకి.

"ఎందుకనవు?"

బద్ద దేనికో తగిలి ఆగింది. బాపిరాజు ఊపిరి బిగపట్టాడు. రాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మాట్లాడుతుంటే ఆ పిల్ల కదలకుండా ఉంటుందని అనుకున్నాడో, లేక ఆ బావి అడుగున చెబితే ఎవరూ వినరని అనుకున్నాడో, చెప్పడం మొదలుపెట్టాడు. బావిలో మాట పైకి ఎంత బాగా వినిపిస్తుందో బావి తవ్వినవాళ్ళకే తెలుసు. గోదావరి కాలవల పక్కన పెరిగినవాడికి ఏం తెలుసు?

"యుద్ధంలో మా పని మందుపాతరలు తియ్యడం. శత్రువు పొలాల్లో పాతిపెట్టి పోయేవాడు. టాంకులు వెళ్ళాలంటే మేము ముందు పొట్టమీద పాకుతూ, ఇదిగో ఇలాగే, నేలని గుచ్చుకుంటూ దారి చెయ్యాలి. నా వెనక కామరాజు అని ఒక కుర్రాడు. నరసాపురం వాడు. నేను చూసిన చోట తెల్లటేపు పరుచుకుంటూ వచ్చేవాడు. ప్రతి అడుక్కీ 'ఏం కాదా అన్నా' అనేవాడు. నేను 'ఏం కాదు, రా' అంటే అడుగు వేసేవాడు. అంతే, ఇంకేం చూసేవాడు కాదు. నా మాటే వాడికి నేల."

కౌసల్య ఏడుపు ఆపింది.

"పంజాబు చలి. వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఒక జానెడు చోటు గుచ్చకుండా వదిలేశాను. చూశాననే అనుకున్నాను. 'ఏం కాదు, రా' అన్నాను." వేళ్ళతో ఇంకో పిడికెడు రాతిపొడి తోడాడు. "ఆ జానెడులోనే ఉంది. వాడు నావైపు చూశాడమ్మా. నామీద కోపం లేదు వాడి చూపులో. అదే నేను మర్చిపోలేకపోతున్నాను. అప్పట్నుంచి నా వేళ్ళకి తెలియనిది నా నోటితో అనను."

గట్టు మీద కమలాకుమారి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. సంగారెడ్డి ఆసుపత్రి కిటికీ, ఆ వైపు తిరిగిన మొహం గుర్తొచ్చాయి. ఆ మొహంలో తను రాయిని చూసింది. అది రాయి కాదు. తనని కూడా ఆ జానెడు నేల మీద నిలబెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు, అంతే. ఇన్నాళ్ళూ ఎంత మాటలన్నానో అనుకుని ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది, చప్పుడు కాకుండా.

కింద కౌసల్య, "అయితే అనకు అన్నా" అంది. "గట్లనే పని చెయ్యి. నేను నీ భుజం పట్టుకుంట."

"పట్టుకో. గోళ్ళు మాత్రం గుచ్చకు."

ఆ పిల్ల ఆ భయంలో కూడా ముక్కుతో చిన్నగా నవ్వింది.

నీళ్ళు ఆమె రొమ్ముల దాకా వచ్చాయి. బాపిరాజు గడ్డం ఎత్తి ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ మొహం ముంచి, వేళ్ళతో తోడుతున్నాడు. ఒకసారి తల పైకెత్తి, మళ్ళీ ముంచి, తడిమినచోటే ఇంకోసారి తడిమాడు. ఆయన వేళ్ళకి అది దొరికింది. మెత్తగా, కాగితం చుట్టిన తూటా. దాని నెత్తిన సన్నటి రేకుగొట్టం, అందులోంచి వత్తి. నలిగితే పేలేది ఆ గొట్టమే, దాని మీదే బండ అంచు ఆనీ ఆననట్టు ఉంది. పూర్తిగా ఆననివ్వకుండా మధ్యలో అడ్డం ఉన్నది కౌసల్య మడమ. ఇంతసేపూ ఆ బండని మోస్తున్నది ఆ పిల్ల కాలే. అది బయటికి జారిన మరుక్షణం బండ కిందికి దిగుతుంది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కమలాకుమారికి కనిపించింది ఇంతే: ఆయన కుడిచేత్తో ఇంకా తోడుతూ, ఎడమచేతిని మోచెయ్యి దాకా బండ కింద దూర్చాడు.

"చెల్లాయ్, ఇప్పుడు వేళ్ళు ముడిచి, కాలు నీవైపు లాక్కో. గుంజకు. పాలు తాగే పిల్ల నోట్లోంచి రొమ్ము తప్పిస్తారే, అంత నెమ్మదిగా."

కౌసల్య పెదవి కొరుక్కుని లాగింది. చర్మం గీసుకుపోయింది. కాలు వచ్చింది. బండ చిన్నగా మూలిగింది. బాపిరాజు గొంతులోంచి ఒక శబ్దం వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఏమీ పేలలేదు.

"పో. నిచ్చెన ఎక్కు. కిందికి చూడకు."

కౌసల్య ఒంటికాలితో, చేతుల బలంతో పాకుతూ పైకి వచ్చింది. కమలాకుమారి ఆమె రెక్కలు పట్టుకుని గట్టుమీదికి లాగేసింది. చింతచెట్టు దగ్గర్నుంచి మొగులయ్య పరిగెత్తుకొచ్చి, పెళ్ళాం కాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దేవమ్మ కోడలి మొహమంతా తడిమింది. అంజన్న దూరంగా నిలబడి నేల చూస్తున్నాడు. ఏడుపులూ నవ్వులూ కలిసిపోయాయి అక్కడ.

ఆ సందడిలో కమలాకుమారికి ఒక్కసారి తట్టింది. నిచ్చెన మీద ఇంకెవరూ ఎక్కడం లేదు.

మళ్ళీ గట్టు మీదికి వంగింది. బాపిరాజు ఉన్నచోటే ఉన్నాడు. ఒక పక్కకి ఒరిగి, నీళ్ళలో మెడ దాకా మునిగి ఉన్నాడు. ఎడమచెయ్యి కనపడలేదు. కౌసల్య కాలు ఉన్నచోట ఇప్పుడు ఆ చెయ్యి ఉంది.

"ఏవండీ, రండి" అంది.

ఆయన తల ఎత్తి ఆవిణ్ణి చూశాడు. నెమ్మదిగా, మామూలుగా, ఇంట్లో మంచినీళ్ళు అడిగినట్టుగా అన్నాడు.

"వస్తాను. వాళ్ళందరినీ తీసుకుని నువ్వు ఇంటికెళ్ళు. ఏం కాదు కమలా."

ఆవిడ ఎన్నేళ్ళుగానో వినాలని ఎదురుచూసిన మాట. జ్వరంలో అడిగి, కోపంలో అడిగి, చివరికి అడగడం మానేసిన మాట. అది చెవిన పడగానే ఆవిడ ఒళ్ళు మంచుముద్దయింది. వేళ్ళకి తెలియనిది నోటితో అనని మనిషి, తెలిసి తెలిసి తనకి అబద్ధం చెప్పాడు. అంటే కింద ఎంత ఘోరం ఉందో ఆవిడకి ఇంకెవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

నీళ్ళు ఆయన గడ్డానికి తగులుతున్నాయి.

కమలాకుమారి లేచి నిలబడింది. "మొగులయ్యగారూ" అంది వెనక్కి తిరగకుండా, "మీ నాగలి కాడి తెండి. మొద్దుచెక్క, బండ కింద పెడితే విరగనిది. ఇనుము ఒక్క ముక్క కూడా ఉండకూడదు."

మొగులయ్య లేచి ఇంటివైపు ఉరికాడు. ఆవిడ చెంగు నడుముకి దోపుకుంది. చెక్కనిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఆ చప్పుడు విని కిందనుంచి బాపిరాజు మళ్ళీ అన్నాడు. ఈసారి ఆయన గొంతు వణికింది.

"ఏం కాదన్నాను కదా కమలా. దిగొద్దు."

ఆవిడ రెండో మెట్టు దిగింది.